ఫలము కనబడకమునుపే క్వాంటం విద్యపై దృష్టి నిలుపవలెనా?

జూబిలీ హిల్సు చెక్కుపోస్టు మొదలుకొని ఫిలింనగరు వఱకు గల రాతిగుట్టలపై జీవించువారికి క్రొత్త యంత్రము వచ్చుట వింత గాదు. ఫిలిముచుట్టలు మాయమై వాని స్థానమున అంకెల మూటలు వచ్చుట వారు చూచిరి. కత్తెరయు జిగురును పట్టి బొమ్మను కూర్చిన చేతులే మీటలు నొక్కుట నేర్చుకొనుట చూచిరి. ప్రతి పర్యాయమును "దీనివలన మనకేమి లాభము?" అని వెనుకాడిన నిర్మాతయు, "అందఱికంటె ముందు మనమే తేవలెను" అని పరుగిడిన నిర్మాతయు ఆ వీథులలోనే యుండిరి. అదే ప్రశ్న నేడు తెలుగువారందఱి యెదుటను నిలిచినది. ఈ పర్యాయము వచ్చుచున్నది కెమెరా గాదు; క్వాంటం గణకయంత్రము.

2025వ సంవత్సరము మే నెలలో అమరావతి యందు "క్వాంటం వ్యాలీ" స్థాపింపబడునని ఆంధ్రప్రదేశ ప్రభుత్వమును, అమెరికాకు చెందిన ఐ.బి.ఎం. సంస్థయు, మన దేశపు టి.సి.ఎస్. సంస్థయు ప్రకటించినవి. 156 క్యూబిట్ల హెరాన్ చిప్పు గల యంత్రమును అచ్చట నెలకొల్పుట వారి సంకల్పము. దానికి రెండేండ్లు ముందు, 2023 ఏప్రిల్ 19వ తేదీన, కేంద్ర మంత్రివర్గము 6003 కోట్ల 65 లక్షల రూపాయలతో జాతీయ క్వాంటం మిషన్‌ను ఆమోదించెను. ధన మింతగా కేటాయింపబడినది. పేరు ఇంతగా మ్రోగినది. కాని పొలములోగాని, అంగడిలోగాని, ఆసుపత్రిలోగాని సాధారణ కంప్యూటరు చేయజాలని పనిని ఈ యంత్రము చవుకగా చేసి చూపినదని చెప్పుటకు ఒక్క ఉదాహరణమును ఇంతవఱకు లేదు. ఈ మాటను దాచుట తగదు.

కావున మనవారిలో రెండు పక్షములు బయలుదేఱినవి. ఒక పక్షమువారు నీటికాలువ పూడిక తీయని దేశమునకు ఈ యాడంబర మెందుకందురు. రెండవ పక్షమువారు యంత్రము రాకమునుపే దానికి పూలమాల వేసి, రేపే మందులు పుట్టును, ఎల్లుండి ఉద్యోగములు పండును అందురు. మొదటివారి మాటలో సగము సత్యము కలదు. రెండవవారి మాటలో అంతయు లేదు. మేము చెప్పదలచినది వేఱు. దృష్టి నిలుపుట యొకటి, ఉత్సవము చేయుట యొకటి. మొదటిది నేడే కావలెను. రెండవది ఫలము వచ్చిన పిదప చేసికొనవచ్చును.

ఈ యంత్రమేమి చేయునో కొంచెము చెప్పుట యవసరము, ఏలయన దీనిని గూర్చి వ్యాపించిన తప్పుడు మాటలు పెక్కులు. సాధారణ కంప్యూటరులోని బిట్టు సున్నయో ఒకటియో అయి యుండును. క్యూబిట్టు మనము కొలుచు వఱకు ఈ రెండింటి మిశ్రమస్థితిలో నుండగలదు. ఇంతమాత్రము విని, "ఐనచో యంత్రము అన్ని జవాబులను ఒక్కమాఱే చూచును గదా" యని పలువురు సంబరపడుదురు. అది సరి గాదు. కొలిచినప్పుడు దక్కునది ఒక్క జవాబే. అదియు ఏదో యొకటి కావచ్చును. అసలు విద్య మఱియొకచోట నున్నది. చెఱువులో రెండు రాళ్లు వేసినచో అలలు వ్యాపించి, ఒకదాని శిఖరము వేఱొకదాని పల్లముతో కలిసినచోట నీరు నిశ్చలమగును. శిఖరము శిఖరముతో కలిసినచోట రెట్టింపగును. తప్పు జవాబుల యలలు ఒకదానినొకటి చెఱపుకొనునట్లును, ఒప్పు జవాబు అల పొంగునట్లును రాళ్లు వేయ నేర్చుటయే క్వాంటం గణనము. అట్లు వేయు నేర్పు అన్ని లెక్కలకును లభింపలేదు. లభించిన లెక్కలు కొన్నియే.

పైగా యంత్రము మిక్కిలి సుకుమారమైనది. హెరాన్ వంటి చిప్పు పనిచేయుటకు సున్నకు దిగువ ఇంచుమించు 273 డిగ్రీల చలి కావలెను. అంత చలిలో నుంచినను కొన్ని వందల పనులకో, వేయి పనులకో ఒక తప్పు దొరలుచునే యుండును. పెద్ద లెక్కకు కోట్లకొలది పనులు కావలసియుండగా ఇట్టి తప్పులతో నడుచుట యెట్లు? తప్పులను దిద్దు పద్ధతులు సిద్ధాంతములో ముప్పదేండ్లుగా కలవు. చిప్పులోని క్యూబిట్ల కూటమిని పెంచినకొలది తప్పులు పెరుగుటకు మాఱుగా తగ్గునని గూగులువారు 105 క్యూబిట్ల విల్లో చిప్పుతో 2024 డిసెంబరులో చూపిరి. అది గొప్ప మెట్టే. కాని మెట్టే; మేడ గాదు.

ఇక ఫలము చూపని విద్యకు కాలము వెచ్చించుట తగునా యను ప్రశ్నకు ఫిలింనగరే సాక్ష్యము చెప్పగలదు. ఈ సాక్ష్యము సామాన్యముగా మనవారు తలచునది గాదు. సాధారణముగా చెప్పు కథ అన్నపూర్ణ స్టూడియో కథ. తెలుగు బొమ్మలకు కావలసిన ప్రయోగశాలలును, పనివారును ఎక్కువగా మద్రాసులోనే యున్న దినములలో అక్కినేని నాగేశ్వరరావుగారు భాగ్యనగరమున రాళ్లగుట్టపై 1976లో స్టూడియో తెఱపించిరి. పరిశ్రమ నిదానముగా వెంట వచ్చెను. ఇది సాహసమే. కాని క్వాంటం విషయమునకు ఇది సరియైన పోలిక గాదని మా తలంపు. సినిమాకు జనము డబ్బిచ్చి చూతురని 1976 నాటికి ఎవ్వరికిని సందేహము లేదు. సందేహమెల్ల స్థలమును గూర్చియే. ఇచ్చటనో, వస్తువును గూర్చియే సందేహము.

సరియైన సాక్ష్యము ఈగ చెప్పును. 2012లో రాజమౌళిగారు తీసిన "ఈగ" చిత్రములో నాయకుడు ఈగ. ఆ చిత్రమునకు హైదరాబాదులోని మకుట సంస్థవారు చేసిన గ్రాఫిక్సు పనికి జాతీయ పురస్కారము లభించెను. ఈగ గాలిలో ఎగిరి, పల్టీకొట్టి, ప్రక్కకు తిరిగి, మరల నిటారుగా నిలిచిన ప్రతి చిత్రఖండమునకును వెనుక ఒక లెక్క కలదు. వస్తువును మూడు దిశల ఆకాశములో త్రిప్పుటకు నేడు గ్రాఫిక్సు సాఫ్టువేరులు వాడు సంఖ్యలను క్వాటర్నియన్ లందురు. ఇవి నాలుగేసి భాగములు గల విచిత్రసంఖ్యలు. వీనిలో మొదటిదానిని రెండవదానిచే గుణించిన ఫలము వేఱు, రెండవదానిని మొదటిదానిచే గుణించిన ఫలము వేఱు. వీనిని కనిపెట్టినవాడు ఐర్లండు దేశీయుడగు హామిల్టన్. 1843 అక్టోబరు 16న డబ్లిన్ నగరపు కాలువగట్టున నడచుచుండగా ఆయనకు సూత్రము స్ఫురించెను. వంతెనరాతిపై ఆ సూత్రమును చెక్కెను. తన శేషజీవితమును వానికే ధారపోసెను. ఆ శతాబ్ది ముగియకమునుపే భౌతికశాస్త్రజ్ఞులు అంతకంటె సులభమైన పద్ధతిని చేపట్టి వానిని ప్రక్కకు నెట్టిరి. ముసలివాని వ్యామోహమని నవ్వినవారును కలరు. 1985లో షూమేక్ అను నతడు కంప్యూటరుబొమ్మలను చక్కగా త్రిప్పుటకు వానిని వాడవచ్చునని చూపెను. 142 ఏండ్లు! ఆ నడుమ ఎవ్వరైనను ఈ సంఖ్యలు లాభము చూపవని బోధనమునుండి తుడిచివేసియుండినచో షూమేక్ చేతికి అవి దొరకునా?

ఇందులో ఇంకొక చిత్రము కలదు. క్యూబిట్టును ఒక స్థితినుండి మఱియొక స్థితికి త్రిప్పుటకు కావలసిన గణితమును ఈ క్వాటర్నియన్ల గణితమే. ఫిలింనగరులో ఈగను పల్టీకొట్టించిన లెక్కయే హెరాన్ చిప్పులో క్యూబిట్టును పల్టీకొట్టించును. గ్రాఫిక్సు పని నేర్చిన మన కుఱ్ఱవాండ్రు తమకు తెలియకయే ఈ విద్య వాకిటిలో నిలుచుండియున్నారు.

రెండవ సాక్ష్యము ఆ యంత్రము కడుపులోనే యున్నది. 1962లో జోసెఫ్‌సన్ అను ఇరువదిరెండేండ్ల బ్రిటిషు విద్యార్థి, రెండు అతివాహక లోహముల నడుమ పలుచని అడ్డుపొర యుంచినను విద్యుత్తు దానిగుండ ప్రవహింపగలదని లెక్కగట్టెను. ఈ సంధితో అతివేగముగల సాధారణ కంప్యూటరును చేయవచ్చునని ఐ.బి.ఎం. సంస్థవారు ఏండ్లతరబడి పాటుపడి, లాభము లేదని 1983లో ఆ పనిని విడిచిరి. లెక్కలపుస్తకము చూచు యజమానునికి అది నష్టపు పద్దే. అది విడువబడిన మఱుసటి సంవత్సరమే, 1984-85లలో, క్లార్క్, డెవొరె, మార్టినిస్ అను ముగ్గురు అట్టి సంధితోనే, చేతితో పట్టుకొనదగిన విద్యుద్వలయము సైతము పరమాణువువలె క్వాంటం నియమములకు లోబడునని కాలిఫోర్నియాలో ఋజువు చేసిరి. వారికి 2025లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించెను. హెరాన్ చిప్పులోని ప్రతి క్యూబిట్టును జోసెఫ్‌సన్ సంధియే. తాను 1983లో నిష్ప్రయోజనమని విడిచిన వస్తువునే ఆ సంస్థ నేడు అమరావతికి తెచ్చెదనని చెప్పుచున్నది.

ఐనను ఈ రెండు కథలు విని ప్రతి వింతకును తలుపు తెఱవవలెనని వాదించుట మోసమగును. ఫలించిన విద్యల కథలే మనకు చేరును. ఎండిపోయినవానిని ఎవ్వరును చెప్పుకొనరు. జపాను ప్రభుత్వము 1982 మొదలు పదేండ్లు "అయిదవ తరము" కంప్యూటరుల కొఱకు విస్తారముగా ధనము వెచ్చించెను. శాస్త్రజ్ఞులు తయారైరి గాని, ఆశించిన యంత్రములు లోకమును ఏలలేదు. ఫిలింనగరువారికి ఈ సంగతి మనము చెప్పనేల? ముహూర్తపు షాటుకు కొబ్బరికాయ కొట్టి, మంత్రిగారిచే క్లాపు కొట్టించి, పత్రికలలో నిండుపుట ప్రకటన వేయించి, తరువాత డబ్బాలోనే యుండిపోయిన బొమ్మలు ఆ వీథులలో ఎన్ని లేవు? క్వాంటం విషయమున మన భయమెల్ల ఈ ముహూర్తపు షాటును గూర్చియే.

గ్రాఫిక్సు శాలలలో రాత్రులతరబడి కంప్యూటరులు తేల్చు బొమ్మలు క్వాంటం యంత్రముతో నిమిషములలో తేలునను మాటను మేమెఱిగిన యే ఋజువును బలపఱుపదు. అట్టి పనికి దత్తాంశము కొండంత కావలెను. క్వాంటం యంత్రమునకు అంత దత్తాంశమును అందించుటయే మిక్కిలి కష్టము. ఎవ్వరైనను ఈ పేర వాటాలు అమ్మజూపినచో నిర్మాతలు చెక్కుపుస్తకమును మూయుట మేలు.

కాని యొక విషయమున ఈ యంత్రము, ఇంకను పుట్టకయే, నేటి మన యాస్తికి సంబంధించి యున్నది. పెద్ద సంఖ్యను దాని మూలగుణకములుగా విడగొట్టు లెక్కకు క్వాంటం మార్గము కలదని 1994లో పీటర్ షోర్ చూపెను. ఇది పండితుల వినోదమని తలపరాదు. రెండు మహాప్రధానసంఖ్యల గుణకారఫలమును విడగొట్టుట సాధారణ కంప్యూటరుకు అసాధ్యమను నమ్మికపై 1977లో పుట్టిన ఆర్.ఎస్.ఎ. అను తాళమే లోకములో సగము రహస్యములను కాయుచున్నది. 2001లో ఏడు క్యూబిట్ల యంత్రము ఈ మార్గమున 15ను 3 గాను 5 గాను విడగొట్టెను. బడిపిల్లవాడు చేయు లెక్కకు అంత యార్భాటమా యని నవ్వవచ్చును. కాని వాడుకలోనున్న 2048 బిట్ల తాళమును పగులగొట్టుటకు రెండు కోట్ల క్యూబిట్లును ఎనిమిది గంటలును కావలెనని 2019లో అంచనా వేసిన శాస్త్రజ్ఞులలో నొకరగు గిడ్నీగారే, 2025లో పది లక్షలకు లోపు క్యూబిట్లతో వారమునకు లోపుగా సాధ్యమని లెక్క తగ్గించిరి. యంత్రము మనవైపు నడచుచుండ, గమ్యము యంత్రమువైపు నడచుచున్నది. 156 ఎక్కడ, పది లక్షలెక్కడ యని ఊఱటచెందువారు ఈ రెండవ నడకను మఱువరాదు.

ఫిలింనగరునకు ఈ తాళము క్రొత్త గాదు. అంతర్జాతీయ ప్రమాణము ననుసరించి థియేటరులకు పంపు సంఖ్యాత్మక చిత్రప్రతిని ఒక రహస్యసంఖ్యతో బంధింతురు. ఆ రహస్యసంఖ్యను థియేటరుయంత్రమునకు మాత్రమే తెలియునట్లు 2048 బిట్ల ఆర్.ఎస్.ఎ. తాళములో పెట్టి పంపుదురు. కోట్లు వెచ్చించిన బొమ్మ తొలి ఆట వఱకు దొంగల పాలు గాకుండుట ఈ తాళపు చలువయే. ఐనను నిర్మాత నేడు బెంగపడ నక్కఱలేదు. బొమ్మ రహస్యమునకు ఆయుస్సు స్వల్పము; శుక్రవారము తెల్లవాఱుజాము ఆటతో కథ ఊరందఱికిని తెలియును. పదేండ్ల తరువాత తాళము పగిలిన నతనికి పోవునది లేదు.

భూమిగలవాని సంగతి అట్టిది గాదు. ఉమ్మడి రాష్ట్రములో రిజిస్ట్రేషను కార్యాలయములకు కంప్యూటరులు 1998లో వచ్చినవి. తెలంగాణములో 2020లో ధరణియు, దాని స్థానమున 2025 ఏప్రిల్‌లో భూభారతియు వచ్చినవి. ఆంధ్రప్రదేశమున అడంగలును 1-బియు కంప్యూటరులోనే చూచుకొనుచున్నారు. వ్రేలిముద్రయు, రెవిన్యూ ముద్రయు ఉండినచోట నేడు అంకెల సంతకము వచ్చినది. ఆ సంతకములకు మన దేశమున చిరకాలముగా ఆధారమైనది ఈ యార్.ఎస్.ఎ. జాతి తాళమే. తాత వ్రాయించిన దస్తావేజు మనుమని కాలమున వ్యాజ్యమునకు వచ్చును. ఆనాటికి తాళము పగిలియుండినచో నేటి తేదీ వేసిన దొంగ సంతకమును పుట్టించుట కష్టము గాదు. అసలేదో, నకలేదో న్యాయమూర్తికి చెప్పునదెవరు? వైద్యుని చీటీలును, బ్యాంకు లావాదేవీలును ఇట్టివే. నేడు విప్పలేని మూటను దొంగిలించి దాచుకొని, యంత్రము వచ్చిననాడు విప్పుకొందమని కాచుకొనియుండువారు ఉండవచ్చునని సకల దేశములును జాగ్రత్తపడుచున్నవి.

దీనికి మందు కలదు. అదియు క్వాంటం యంత్రము కాదు, క్రొత్త గణితము. ఆ యంత్రమునకు లొంగవని నేటి గణితజ్ఞులు నమ్ముచున్న మూడు పద్ధతులను అమెరికా ప్రమాణసంస్థ 2024 ఆగస్టులో ప్రకటించెను. పాత తాళములను 2030 తరువాత నిరుత్సాహపఱచి, 2035 తరువాత నిషేధింపవలెనని అదే సంవత్సరము నవంబరులో ముసాయిదా వెలువరించెను. తాళము మార్చుట ఒక్కరోజు పని గాదు. ఏ కార్యాలయమున ఏ తాళమున్నదో ముందుగా పట్టిక వ్రాయవలెను. రెండు తెలుగు రాష్ట్రముల రెవిన్యూ, రిజిస్ట్రేషను శాఖలు అట్టి పట్టికను సిద్ధపఱచి శాసనసభల ముందుంచుట నేటి పని. దీనికి చలియంత్రమక్కఱలేదు, వ్యాలీ యక్కఱలేదు. ఓపికగల గుమాస్తాలును, గణితమెఱిగిన యింజనీర్లును చాలుదురు.

ఇక అమరావతి. 2015లో అచ్చటి గ్రామముల రైతులు రాజధాని కొఱకు 33 వేల ఎకరములకు పైగా భూసమీకరణమునకు ఇచ్చిరి. 2019 పిమ్మట రాజధాని మాట తాఱుమారై, పనులు నిలిచి, 2024 వఱకు వారు రోడ్డుమీద నిరీక్షించిరి. ఆ నేలపై నిలుచు ప్రతి కట్టడమును వారికి ఋణపడియున్నది. అట్టి నేలపై క్వాంటం పేర వచ్చునది అద్దాల మేడయో, విద్యయో ముందుగా తేల్చుకొనవలెను. యంత్రము చెంతనుండిన మాత్రమున విద్య రాదు. 2016 మే నెలనుండియే ఐ.బి.ఎం. సంస్థ అయిదు క్యూబిట్ల యంత్రమును ఇంటర్నెట్టు ద్వారా ఎల్లవారికి ఉచితముగా వాడనిచ్చెను. నాడే కడపలోని విద్యార్థి దానిని వాడియుండవచ్చును. వాడనిది యంత్రము లేక గాదు, చెప్పువారు లేక. జాతీయ మిషన్ క్రింద 2024లో ఏర్పఱచిన నాలుగు ప్రధానకేంద్రములు బెంగుళూరు, మద్రాసు, బొంబాయి, ఢిల్లీలకు పోయినవి. ఒక్కటియు తెలుగుగడ్డకు రాలేదు. ప్రధానకేంద్రములు పరిశోధకులున్నచోటికి పోవుట సహజమే. మనము యంత్రమును కొనితెచ్చుకొని, పరిశోధకులను పొరుగువారినుండి ఎరువు తెచ్చుకొనుట సహజము గాదు.

1906లో ఈ హైదరాబాదులోనే కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును వారి మిత్రులును విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, ప్రకృతిశాస్త్రములను తెలుగున వ్రాయింపజొచ్చిరి. నాటి తెలుగు రైతుకు పదార్థవిజ్ఞానముతో తక్షణ ప్రయోజనమేమి? ఏమియు లేదు. ఐనను వ్రాయించిరి. క్వాంటం గణనమునకు వలయు మాత్రికల గణితమును ఇంటర్మీడియెట్టు విద్యార్థికి తెలుగున విప్పిచెప్పు ఒక మంచి పుస్తకమునకు ఎంత యగును? ప్రారంభోత్సవ పందిళ్లకగు వ్యయములో వీసమైనను కాదు.

కాబట్టి ప్రభుత్వమునకును, ఆ సంస్థలకును మా విన్నప మిది. ఒప్పందపత్రము ప్రజలు చదువునట్లు ప్రకటింపబడవలెను. యంత్రపు పని గంటలలో కొంత భాగము గుంటూరు, వరంగల్లు, కడప, శ్రీకాకుళము వంటి పట్టణముల ప్రభుత్వ కళాశాలలకు రుసుము లేక కేటాయింపవలెను. ఏ వారము ఎవరు ఎన్ని గంటలు వాడిరో, ఏ లెక్క చేసిరో, అది సాధారణ కంప్యూటరుకంటె మేలయినదో కాదో నెలనెలా పట్టిక వెలువడవలెను. మేలు కానినాడు కాలేదనియే వ్రాయవలెను. మొదటి పట్టికలో కళాశాలల పేళ్లెన్ని యుండునో చూచుటకు మేమును కాచుకొనియుందుము.